గుర్తుపట్టని బోర్డు

మార్చి 4, సోమవారం

తప్పులుంటే క్షమించాలి. నేను చదివింది అయిదో తరగతి వరకే. ఒత్తులు తారుమారవుతాయి. గీతల మధ్య రాయమంటే గీతల మీదికి ఎక్కిస్తాను. మా అక్క నా రాతను కోడిగీతలు అనేది. ఇక్కడ ఎవర్ని క్షమించమంటున్నానో నాకే తెలియదు. చదివేవాళ్లు ఎవరూ లేరు. అయినా ముందే చెప్పుకుంటే ఒక బెంగ తీరుతుంది.

ఇది ఆయన పనిచేసిన ఫోటో స్టూడియో ఆర్డర్ల పుస్తకం. సగం దాకా ఆయన చేతిరాత ఉంది. ఫోటో సైజు, ఎన్ని కాపీలు, ఎప్పటికి కావాలి అని గళ్లు కొట్టి ఉన్నాయి. మిగతా సగం ఖాళీ. గళ్లు ఉన్నాయి కానీ వాటిలో ఏమీ లేదు. పారేయబోతే మనసొప్పలేదు.

పెళ్లయి ఏడాది కావస్తోంది. ఆయన గోదాము పనికి వెళ్లి రెండు నెలలు దాటింది. బస్సులో ఒక పగలంతా కూర్చుంటే గానీ రాని ఊరు. అక్కడ గేటు దగ్గరే ఫోన్లు పెట్టెలో వేయించుకుంటారట. ఆదివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక ఇస్తారు, గంట కొట్టగానే మళ్లీ తీసుకుంటారు.

వెళ్లేటప్పుడు బస్టాండులో ఆయన అన్న మాట రాసి పెట్టుకుంటున్నాను. మరిచిపోతానని కాదు. "ఆ కంప్యూటరుకి సరిపడే బోర్డు ఒకటి దొరికితే ఇంట్లోనే పని చేసుకోవచ్చు. ఫోటోలు ఇంటికే పంపిస్తారు. అప్పుడు ఎక్కడికీ పోనక్కర్లేదు."

అన్నది అంతే. బస్సు కదిలింది.

మార్చి 5

ఇవాళ మంగళవారం. ఫోన్ రాదని తెలుసు. అయినా ఛార్జింగు పెట్టాను.

మార్చి 7, గురువారం

అలమరలో పై అరలో ఉన్న అట్టపెట్టె దించాను. డిసెంబరు వానకి స్టూడియో పైకప్పు కారి, నీళ్లు సరిగ్గా ఆయన కంప్యూటరు మీదే పడ్డాయి. లోపల అన్నిటినీ కలిపే బోర్డు కాలిపోయింది. స్టూడియో ఓనరు ఆయనకి జీతం ఇవ్వలేక, కాలకుండా మిగిలిన సామానంతా ఇచ్చి షట్టరు దించేశాడు. డబ్బా, తెర, ఫ్యాను, ఫోటోలుండే డిస్కు, మెమొరీ ముక్కలు రెండు, ప్రాసెసరు ఒకటి.

ప్రాసెసరు అంటే బిస్కెట్టంత ఉంటుంది. మొత్తం లెక్కలన్నీ చేసేది అదే, అన్నిటికంటే ఖరీదు కూడా అదేనట. కానీ ఒంటరిగా దాంతో ఏ పనీ కాదు. బోర్డు మీద కూర్చోబెట్టాలి. పైన వెండిరంగు మూత, కింద వెంట్రుకల్లాంటి బంగారు పిన్నులు వందలు వందలు. మూత మీద, వేడి లాగడానికి పూసిన పేస్టు ఎండిపోయి బూడిదలా అంటుకుని ఉంది. తుడిచి పెట్టాను. ఇప్పుడు తళతళా ఉంది.

మార్చి 8

నిన్న ఒకటి రాయలేదు.

మూత తుడిచి ఊరుకుంటే బాగుండేది. ఇత్తడి సామాను తోమేటప్పుడు అడుగు కూడా తోమాలి కదా, అదే అలవాటు. తిరగేసి కిందవైపు కూడా గుడ్డతో ఒక్కసారి రుద్దాను. గుడ్డ పోగు పట్టుకుంది. లాగాను. కొన్ని పిన్నులు వంగిపోయాయి. కిటికీ దగ్గర పెట్టి లెక్కపెడితే ఏడు.

దాన్ని అలాగే పెట్టెలో పెట్టి, పెట్టె మీద దుప్పటి పెట్టి, దుప్పటి మీద నా పెట్టె పెట్టాను.

ఆయన దాన్ని రెండు వేళ్లతో అంచులు మాత్రమే పట్టుకునేవారు. నేను చూశాను కూడా.

మార్చి 9, శనివారం

ఎనిమిది జాకెట్లకి హుక్కులు కుట్టి కిందికి తీసుకెళ్లాను. కింది వాటాలో ఉండే ఇంటావిడే టైలరు. అందరూ పిన్నిగారంటారు, నేనూ అంతే. చేతిపని అంతా నాకే ఇస్తారు.

"మీ ఆయన వస్తున్నాడా అమ్మాయ్?"

"వస్తారండీ."

"ఎప్పుడు?"

"వస్తారండీ."

"నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ మాటలేంటి? ముందు పళ్లు ఊడినదానిలా! పెళ్లికూతురిగా వచ్చినప్పుడు ఇలా లేవే నువ్వు."

నవ్వేసి పైకి వచ్చాను. నిజమే, ఇది పెళ్లయ్యాకే వచ్చిన అలవాటు.

నేను స్టూడియోకి మధ్యాహ్నం అన్నం తీసుకెళ్లేదాన్ని. పెళ్లయిన మొదటి నెలలో ఒకరోజు ఆయన పక్కన కుర్చీ వేసి కూర్చోమన్నారు. తెర మీద మా పెళ్లి ఫోటో. నా మొహం పెద్దది చేశారు. అందరి ఫోటోల్లోనూ మొటిమలూ మచ్చలూ తీసే పనే కదా ఆయనది. నా పై పెదవి పక్కన, ఎడమవైపు పుట్టుమచ్చ ఉంది. టక్ మని ఒక్క నొక్కుతో తీసేశారు. "ఎలా ఉంది?" అని అడిగారు. బాగుందండీ అన్నాను.

బాగానే ఉంది. నేనేమీ అనుకోలేదు.

మార్చి 10, ఆదివారం

ఫోన్ వచ్చింది. వెనక లారీల చప్పుడు.

"తిన్నావా?"

"తిన్నాను. మీరు?"

"ఆఁ. ఇంకేంటి?"

"ఏం లేదు. ఏమండీ, ఆ ప్రాసెసరుకి ఏ బోర్డు కావాలి?"

"ఎందుకూ?"

"ఊరికే."

ఆయన నవ్వారు. "బోర్డంటే గరిటె కాదు, ఏదో ఒకటి తెచ్చుకోవడానికి. తేడా వస్తే రెండూ పోతాయి. నేను వచ్చాక చూద్దాంలే."

"ఎప్పుడు వస్తారు?"

గంట కొట్టారు. ఆయన అన్నది వినబడలేదు. ఏదో చెప్పే ఉంటారు.

మార్చి 12, మంగళవారం

ప్రాసెసరు మూత మీది అక్షరాలన్నీ ఒక చీటీ మీద బొమ్మ గీసినట్టు దించుకుని, కంప్యూటర్ల సందుకి వెళ్లాను. చేతిపని డబ్బు చిన్న పర్సులో ఉంది. అది కొత్త బోర్డు ధరలో సగం కూడా కాదని అక్కడికి వెళ్లాకే తెలిసింది.

మొదటి కొట్టతనికి నూనె రాసుకున్న జుట్టు, ముందు గాజు కౌంటరు. చీటీ చూడకుండానే ఒక పెట్టె దించాడు.

"మేడమ్, ఇది లేటెస్టు. మీ బడ్జెట్టుకి ఓపెన్ బాక్సు పీసు, పెట్టె విప్పిందే కానీ కొత్తదే. ఇంకో మాట లేకుండా తీసుకెళ్లండి."

"దీనికి సరిపోతుందా?"

"అన్నిటికీ సరిపోద్ది."

పర్సు తెరవబోయాను. పెట్టె మీద బోర్డు ఫోటో ఉంది. ప్రాసెసరు కూర్చునే గూడు పెద్దది చేసి చూపించారు. ఆ గూడు నిండా సన్నని పిన్నులు. నా చెయ్యి పర్సు దగ్గరే ఆగిపోయింది. మాదానికీ పిన్నులే ఉన్నాయి. హుక్కుకి ఎదురుగా కాజా ఉండాలి. హుక్కుకి హుక్కు కుడితే ఏ జాకెట్టూ పడదు.

"గూటిలో కూడా పిన్నులున్నాయండీ. మాదానికి కింద పిన్నులున్నాయి. గూటికి చిల్లులుండాలి కదా?"

అప్పుడు చీటీ చూశాడు. మళ్లీ నన్ను చూశాడు.

"మేడమ్‌కి అన్నీ తెలుసే! తెలిసి అడుగుతారా, టెస్టింగా?"

నేను కొట్టు దిగిపోయాను. వెనక నుంచి కేకేశాడు, "సెకండ్‌హ్యాండు కావాలంటే చివర టంకమక్క దగ్గరికి పో" అని. మేడమ్ పోయి 'పో' అయింది.

చివరిదాకా వెళ్లలేదు. మెట్ల దగ్గర కాసేపు నిలబడి ఇంటికి వచ్చేశాను. బస్సులో ఒకటే ఆలోచన, అంతమాట నేనేనా అన్నది అని.

మార్చి 13

వెళ్లాను.

టంకమక్క కొట్టు మెట్ల కింద ఉంది. ఇద్దరు నిలబడితే మూడోవాడు బయటే. తలకి భూతద్దం కట్టుకుని, బోర్డుల మీద తీగలు అతికే టంకం పెడుతూ ఉంటుంది, అందుకే ఆ పేరు. యాభై ఏళ్లుంటాయి. పొగ వాసన.

"చెయ్యి తీసి మాట్లాడు పిల్లా, సగం మాటలు నీ చేతిలోనే ఉండిపోతున్నాయి."

పెట్టె ముందు పెట్టాను. ప్రాసెసరు తిరగేసి చూసింది. భూతద్దం కిందికి దించింది.

"ఎవరిదీ ఘనకార్యం?"

"ఎలకండీ."

"ఎలకా? తడిగుడ్డ పట్టుకొచ్చి తుడిచిందా ఎలక?" ఒక పోగు ముక్క పట్టకారుతో తీసి నా కళ్ల ముందు ఆడించింది. పసుపురంగు పోగు. మా వంటింటి గుడ్డది. "చదువుకున్న ఎలక."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏడుపే ముందు వచ్చింది.

"సరే సరే, నా బోర్డుల మీద తడి పెట్టకు. ఏం పని చేస్తావు?"

"హుక్కులు, కాజాలు."

"చేతులు చూపించు." చూసింది. తన చేతులు కూడా చూపించింది. కొద్దిగా వణుకుతున్నాయి. "టంకం వరకు పరవాలేదు. ఈ వెంట్రుకల్ని లేపడం నావల్ల కాదిప్పుడు. సూది తెచ్చుకున్నావా?"

సూది నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది.

భూతద్దం నా తలకి కట్టింది. ఒక్కొక్క పిన్నూ తాడిచెట్టంత కనిపించింది. ఒకేసారి నిలబెట్టకూడదు, విరుగుతుంది. కొంచెం లేపాలి, ఆగాలి, మళ్లీ కొంచెం. పక్క వరుసతో సమానంగా వచ్చిందో లేదో ఇటు నుంచీ అటు నుంచీ చూడాలి. అక్క టీ తాగింది, ఇంకొకరి బోర్డు బాగుచేసింది, ఎవరినో తిట్టింది. నేను ఏడు లేపాను. అయిదోది లేపేటప్పుడు ఊపిరి కూడా తీసుకోలేదు.

"ఊఁ" అంది అక్క. మెచ్చుకున్నట్టే అనుకుంటున్నాను.

మార్చి 14, గురువారం

బోర్డు ఎలా ఎంచాలో అక్క చెప్పింది. మరిచిపోకుండా రాస్తున్నాను.

మొదట గూడు. దానికో పేరుంటుంది, ఆ పేరే ప్రాసెసరుకీ ఉండాలి. తర్వాత మెమొరీ ముక్కలు. వాటి మధ్య చీలిక బోర్డు మీది గట్టుతో కలవాలి, లేకపోతే కొత్తవి కొనాలి. తర్వాత కరెంటు. మరీ చవక బోర్డు మీద పెద్ద ప్రాసెసరు పెడితే మొదట్లో బాగానే ఉంటుంది, ఎడతెగని పని పెట్టగానే వేడెక్కి ఆగుతుంది. "చిన్న జీతగాడి నెత్తిన పెద్ద కుటుంబం" అంది. మాది మధ్యరకం, అంత తిండి తినదట. ఇంకా నయం, బొమ్మ చూపించే భాగం దానిలోపలే ఉంది, వేరే కార్డు అక్కర్లేదు.

అక్క పాతబోర్డుల గుట్టలోంచి ఒకటి లాగింది. ఒక మూల అంచు విరిగింది, తీగ గుచ్చే రంధ్రం ఒకటి పనిచేయదు. అందుకే నా పర్సులో పట్టింది. దాని పేరూ నంబరూ, నా రాత మొదలైన చోటి నుంచి ఏడో పేజీలో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను.

ప్రాసెసరు మూలన బంగారు త్రికోణం ఉంటుంది, గూటి మూలన కూడా ఉంటుంది. రెండూ కలిపి పెట్టి వదిలేయాలి. నొక్కకూడదు. దానంతట అదే దిగాలి. అక్క నన్నే పెట్టమంది. పెట్టాను. చప్పుడు లేకుండా దిగింది. ఏడు పిన్నులూ దిగాయి. పక్కనున్న గడియ వేశాను.

స్విచ్చి వేసింది అక్క. ఫ్యాను తిరిగింది. దీపం వెలిగింది.

తెర మీద ఏమీ రాలేదు.

మళ్లీ వేసింది. ఫ్యాను తిరిగింది. ఏమీ రాలేదు.

"నా వల్లే కదా? పిన్నుల వల్లే కదా?"

"కాదు. పిన్నులు బాగానే ఉన్నాయి. బోర్డు దీన్ని గుర్తుపట్టట్లేదు." పెన్సిలుతో చెవి గోక్కుంది. "ఈ బోర్డు తయారైన ఏడాదికి ఈ ప్రాసెసరు ఇంకా పుట్టలేదు. గూడు ఒకటే, సరిగ్గా కూర్చుంది కూడా. కానీ వచ్చి కూర్చున్నది ఎవరో దానికి తెలియదు. మనమే చెప్పాలి."

"ఎలా చెబుతారు?"

"దానికి తెలిసిన పాత ప్రాసెసరు పెట్టి, లేపి, కొత్త సంగతులు ఎక్కించాలి. నాదొకటి ఉంది, ఎవడో పట్టుకెళ్లాడు. వచ్చే గురువారానికి తెస్తాడు."

"వస్తుందా అక్కా?"

"వస్తే వస్తుంది. తయారుచేసినవాళ్లు ఈ బోర్డుకి ఆ సంగతులు రాసి ఉంటే."

మార్చి 15

పెళ్లయిన కొత్తలో ఆయన అన్నం తింటూ ఏదో అనబోయి ఆగేవారు. నేను చెయ్యి అడ్డం పెట్టుకుని, తల వంచుకుని తినేదాన్ని. నాకు కూర నచ్చలేదేమో అని ఉండేది. ఎందుకు గుర్తొచ్చిందో.

మార్చి 16

ఆరు జాకెట్లు. వాన.

మార్చి 17, ఆదివారం

ఈసారి ఆయనే ఎక్కువ మాట్లాడారు. గోదాము సూపర్‌వైజరు పిలిచాడట. ఇంకో ఏడాదికి సంతకం పెడితే జీతం పెంచుతారట, ఉండటానికి గది కూడా. ఈ నెలాఖరులోగా చెప్పాలట.

"నువ్వేమంటావు?"

"మీ ఇష్టమండీ."

"నీకేం అనిపిస్తోందని అడుగుతున్నా."

"నాకేముంది? మీకు మంచిదైతే..."

లారీ ఒకటి వెనక్కి వస్తున్న చప్పుడు.

"సరే అయితే" అన్నారు. గంట ఇంకా కొట్టకుండానే పెట్టేశారు.

మంచిదే. జీతం పెరిగితే మంచిదే కదా. గది కూడా ఇస్తారు.

మార్చి 18

మంచిదే.

మార్చి 19, మంగళవారం

పొద్దుట పిన్నిగారు వచ్చి తలుపు కొట్టారు. నిన్న నేను కుట్టిచ్చిన జాకెట్లలో రెండింటికి హుక్కులు తిరగేసి కుట్టానట. ఇన్నేళ్ల నుంచీ కుడుతున్నాను, ఎప్పుడూ జరగలేదు.

"మనసెక్కడుందే నీకు?"

విప్పి మళ్లీ కుట్టాను. చెప్పొచ్చు ఆవిడకి. మంచావిడే. కానీ ఏమని చెప్పాలి? మా ఆయన ఏడాది రారు అనా? నేనే మీ ఇష్టం అన్నాను అనా?

ఈ గదిలో నేను రోజుకి ఎన్ని మాటలు మాట్లాడతానో ఇవాళ లెక్కపెట్టాను. పాలబ్బాయితో ఒకటి, పిన్నిగారితో నాలుగు. పంపు ఆగిపోతే పంపుని తిట్టాను, అది కూడా కలిపితే ఆరు.

ఆయనకి బోర్డు సంగతి చెప్పేయాల్సింది. చెప్పి ఉంటే? పనిచేయని బోర్డు సంగతి ఏమని చెబుతాను? ఆయన సామానుని వంటింటి గుడ్డతో రుద్దిన సంగతీ చెప్పాలి.

మార్చి 21, గురువారం

అక్క కొట్టుకి డబ్బా, తెర, డిస్కు అన్నీ మోసుకెళ్లాను. రెండు సంచులు, ఒక నీళ్ల బకెట్టు. బకెట్టులో తెర పెట్టి చుట్టూ పాత చీర కుక్కాను. బస్సు కండక్టరు అడిగాడు, "ఏంటమ్మా, టీవీకి స్నానమా?" అని.

అక్క పాత ప్రాసెసరు పెట్టింది. తెర మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. అంటే బోర్డు బతికే ఉంది. తర్వాత ఒక చిన్న గీత, దానిలో నెమ్మదిగా నీలం రంగు నిండుతూ వెళ్లింది.

"ఇది నిండేవరకు ఎవరూ దేన్నీ ముట్టుకోకూడదు. ఇప్పుడు కరెంటు పోయిందా, బోర్డు రాయి అయిపోతుంది."

ఇద్దరం ఆ గీతనే చూస్తూ కూర్చున్నాం. సందులో ఎవరో షట్టరు దడేల్మని దించితే అక్క బూతు ఒకటి అంది. ఇక్కడ రాయను.

నిండింది. పాతది తీసి మాది పెట్టింది. స్విచ్చి వేసింది. ఫ్యాను తిరిగింది. ఒక్కసారి కీచుమంది. తెర మీద మా ప్రాసెసరు పేరు, చీటీ మీద నేను గీసుకున్న అవే అక్షరాలు, వరుసగా.

"గుర్తుపట్టింది" అంది అక్క.

అక్క నా వైపు చూడకుండా స్క్రూలు బిగిస్తూ అంది, "మీ ఆయన ఏం చేస్తాడు?"

"మొహాల మీద మచ్చలు తీస్తారు."

"మంచి పనే. నా మొహం పట్టుకొస్తే ఎన్నాళ్లు పడుతుందో అడుగు."

మార్చి 22, శుక్రవారం

నిన్న అలసిపోయాను. ఇవాళ మధ్యాహ్నం బల్ల తుడిచి, అన్నీ తగిలించి, ఒక్కదాన్నే స్విచ్చి వేశాను. వచ్చింది. స్టూడియోలో ఉన్న తెరే, అవే బొమ్మలు. మౌసు పట్టుకోవడం ఆయన నేర్పిందే.

ఒక మూల 'ఇల్లు' అని పేరున్న సంచి బొమ్మ ఉంది. రెండుసార్లు నొక్కాను.

అన్నీ నా ఫోటోలే. అన్నీ అంటే అదే పెళ్లి ఫోటో, ఏడు సార్లు.

మొదటిది మచ్చ తీసేసినది. దాని పక్కన తేదీ, మేం పక్కపక్కన కుర్చీల్లో కూర్చున్న నెలదే. మచ్చ ఉన్న ఫోటో ఎక్కడా లేదు. దాని మీదే ఇది సేవ్ అయిపోయినట్టుంది. మిగతా ఆరింటిలోనూ పుట్టుమచ్చ ఉంది.

కానీ అది నాది కాదు.

రెండోదాంట్లో మరీ పెద్దది, కందిగింజంత. మూడోదాంట్లో పెదవికి దూరంగా, బుగ్గ మీద. నాలుగోదాంట్లో కుడివైపు పెట్టి, మళ్లీ అయిదోదాంట్లో ఎడమవైపుకి మార్చారు. ఆరోది గడ్డం దగ్గర. ఏడోది దాదాపు వచ్చింది, కొంచెం కిందికి ఉంది. ఏడోదాని తేదీ, స్టూడియో పైకప్పు కారడానికి ముందు రోజు.

గుర్తుతెచ్చుకుని పెట్టారు. ఆరుసార్లు ప్రయత్నించారు.

మొదట కోపం వచ్చింది. రోజూ ఎదురుగా కూర్చునే తిన్నాను కదా. ఒక్కసారి తలెత్తి చూస్తే సరిపోయేదానికి ఇన్ని ఫోటోలా? ఎడమో కుడో కూడా తెలియదా?

ఆ తర్వాత చూసుకుంటే, ఒక్కదాన్నే ఉన్న గదిలో, కంప్యూటరు ముందు కూర్చుని, నా చెయ్యి నా నోటి మీదే ఉంది.

మార్చి 23

ఏమీ కుట్టలేదు. పుట్టుమచ్చ చూసుకోవడానికి అద్దం దగ్గరికి అయిదారుసార్లు వెళ్లాను. నేనూ సరిగ్గా చూసుకుని చాలా కాలమైంది.

మార్చి 24, ఆదివారం

రాసేస్తాను, ఎలా జరిగిందో అలాగే.

"తిన్నావా?"

"తినలేదు. ఏమండీ, ముందు నేను చెబుతాను, మీరు మధ్యలో ఆపకండి. మీ ప్రాసెసరు కింద గుడ్డతో రుద్దాను. ఏడు పిన్నులు వంగాయి. సూదితో లేపాను."

"ఏం చేశావు?"

"ఆపొద్దన్నాను కదా. బోర్డు కొన్నాను. సెకండ్‌హ్యాండుది. మొదట గుర్తుపట్టలేదు, తర్వాత పట్టింది. ఇంట్లో బల్ల మీద ఉంది. ఆన్‌లోనే ఉంది."

లారీల చప్పుడు.

"ఏం బోర్డు? నంబరు చెప్పు."

ఏడో పేజీ తీసి చదివాను. ఒక్కొక్క అక్షరం, ఒక్కొక్క అంకె. ఆయన నెమ్మదిగా నా వెనకే పలికారు.

"అది సరిపోతుంది" అన్నారు. "నిజంగానే సరిపోతుంది. ఎవరు చెప్పారు నీకు?"

"ఇల్లు అని ఉంటే తెరిచాను."

ఫోన్ పోయిందేమో అని చెవి దగ్గరి నుంచి తీసి చూశాను.

"కొత్తలో తెలియక తీసేశాను" అన్నారు. "చెయ్యి అలవాటైపోయి. అందరివీ తీసినట్టే. నువ్వు బాగుందన్నావు. ఆ రోజు నుంచి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టావు. అప్పటికే దానిమీదే సేవ్ అయిపోయింది. సరే, తిరిగి పెడదామంటే..."

"మరి నన్నడగొచ్చు కదా?"

"నువ్వు చెయ్యి తీస్తే కదా."

అప్పుడు కూడా నా చెయ్యి అక్కడే ఉంది. తీసి ఒళ్లో పెట్టుకున్నాను. ఫోన్‌లో ఆయనకి కనబడదు, అయినా తీశాను.

"చివరిది దగ్గరికి వచ్చింది" అన్నాను. "ఇంకొంచెం పైన ఉంటుంది."

"ఎంత పైన?"

"ఆవగింజంత."

గంట కొట్టారు. ఎప్పుడూ గంట కొట్టగానే ఆయన గొంతు ఆగిపోతుంది. ఇవాళ నేనే గబగబా అన్నాను, నాకు తెలియకుండానే, "మీ ఇష్టం కాదు. సంతకం పెట్టొద్దు. నాకు ఇక్కడ ఏం బాగాలేదు."

అవతల ఎవరో అరుస్తున్నారు, ఫోన్ పెట్టెలో వేయమని.

"వచ్చే ఆదివారం ఫోన్ చేయను" అన్నారు ఆయన. "బస్సులో ఉంటాను."

మార్చి 26

అక్కకి చెప్పాను. "ఆ బోర్డు మీద పని ఎక్కువ పెట్టొద్దను, మొదటి నెల" అంది. వంగిన పిన్నుల ప్రాసెసర్లు ఒక డబ్బా నిండా ఉన్నాయట, తీరినప్పుడల్లా సూది పట్టుకుని రమ్మంది.

మార్చి 30, శనివారం

గది ఊడ్చాను. ఫ్యాను రెక్కల దుమ్ము బ్రష్షుతో తీశాను, గుడ్డతో కాదు. కుర్చీలు రెండూ బల్ల దగ్గర పక్కపక్కన వేశాను. మళ్లీ ఒకటి వెనక్కి జరిపాను. మళ్లీ దగ్గరికి లాగాను. వస్తారో రారో. బస్సన్నారు. ఏ బస్సో చెప్పలేదు.

ఈ పుస్తకం ఎక్కడ దాచాలో తెలియడం లేదు. ఉన్నవి రెండు గదులు, దాచడానికి చోటెక్కడిది? ఏమండీ, ఇది మీకే దొరుకుతుంది, నాకు తెలుసు. మీ ఆర్డర్లున్న పేజీల తర్వాత కోడిగీతలు కనబడగానే ఆపేయండి. ఎలక సంగతి, మంచిదే అని నేను రాసుకున్న రెండు రోజులు, ఏవీ చదవకండి. పొయ్యి వెలుగుతూ ఉంటే అందులో వేసేయండి, నన్నడగొద్దు. నా రాతలో ఏడో పేజీ ఒక్కటి మాత్రం చింపి, బోర్డు ఉన్న డబ్బా లోపల పెట్టండి. నంబరు అందులోనే ఉంది.